పెరట్లో గుండు: దొర్లించాలా, చీల్చాలా, వదిలెయ్యాలా?

హైదరాబాద్ చుట్టుపక్కల ప్లాటు కొన్నవాళ్లకి నేలతోపాటు రాళ్లు ఊరికే వస్తాయి. ఘట్‌కేసర్ వైపు వెళ్లినా, శంషాబాద్ వైపు వెళ్లినా, భువనగిరి దాటినా ఇదే వరస. ఇల్లు కట్టేటప్పుడు పునాదికి అడ్డం వచ్చిన రాయి మటుకు మేస్త్రీ తీయిస్తాడు, మిగతాది వదిలేస్తాడు. గృహప్రవేశమైన ఏడాదికో రెండేళ్లకో, మామిడి మొక్క పెడదామనో కారు తిప్పుకునే చోటు చేద్దామనో పెరట్లోకి వెళ్లి చూస్తే మోకాలెత్తు గుండొకటి, దాని పక్కన నేలలోంచి వీపు మాత్రం చూపిస్తూ ఇంకోటి. ఈపాటికి ప్రహరీ లేచిపోయి ఉంటుంది, జేసీబీకి దారి ఉండదు. అలాంటివాళ్ల కోసమే ఈ వ్యాసం. తాండూరు, బేతంచర్ల వైపు నాపరాయి పొరలుపొరలుగా లేస్తుంది కాబట్టి దాని సంగతి వేరు. ఇక్కడ చెప్పేదంతా గ్రానైటు గురించి.

రాయి తీయడమంటే గేటు దాటించడమే అని చాలామంది అనుకుంటారు. ఖర్చు పెరిగేది అక్కడే. రాయి పదడుగులు పక్కకి జరిగితే సరిపోతుందా, రెండడుగులు కిందికి దిగితే సరిపోతుందా, నాలుగు ముక్కలై గోడలో చేరితే సరిపోతుందా అన్నది ముందు తేల్చుకుంటే సగం పని తగ్గిపోతుంది.

ముందు అది ఏ రాయో తేల్చుకోండి

హైదరాబాద్ గ్రానైటు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. భూమి లోతున గట్టిపడిన రాయి ఇది. పైనున్నదంతా కాలక్రమాన కొట్టుకుపోయి బరువు తగ్గేసరికి నెర్రెలిచ్చింది. ఆ నెర్రెల్లోకి నీరు దిగి, అంచులూ మూలలూ ముందుగా మెత్తబడి మొరమైపోయాయి. నడుమ చెడకుండా మిగిలిన ముద్దే గుండు. రాళ్లు గుండ్రంగా ఉండటానికి కారణం ఇదే, నదులు దొర్లించడం కాదు. మనకి పనికొచ్చే సంగతి ఏమిటంటే, మొరంలో కూర్చున్న గుండు చాలాసార్లు చుట్టూ విడిగానే ఉంటుంది. కింద దేనికీ అతుక్కుని ఉండదు.

పరుపుబండ అలా కాదు. పైకి మంచమంత కనిపిస్తుంది, లోపల అది గుట్టలో భాగం. దాన్ని తీయడమంటూ ఉండదు, కావలసినంత మేరకు చెక్కుకోవడమే.

రెంటిలో ఏదో తెలియాలంటే గడ్డపార చాలు. రాయి అంచు నుంచి జానెడు దూరంలో ఒకసారి, అడుగు దూరంలో ఒకసారి, రెండడుగుల దూరంలో ఒకసారి చుట్టూ పొడుచుకుంటూ రండి. మొరమైతే గరగరమంటూ దిగుతుంది. రాయి తగిలితే ఖంగుమని చెయ్యి అదురుతుంది. తగిలిన చోటల్లా ముగ్గుపిండి చల్లితే భూమిలో దాగిన రాయి ఆకారం పైన కనబడుతుంది. తర్వాత ఒక పక్కన రెండడుగుల లోతు తవ్వి చూడండి. రాయి పక్కలు లోతుకి వెళ్లేకొద్దీ లోపలికి తిరుగుతుంటే అది గుండు. బయటికి విచ్చుకుంటూ పోతుంటే తవ్వడం ఆపేయండి. ఆ రాయి మీ పెరడంత ఉండొచ్చు, పక్కింటి పెరడు కూడా దాని మీదే ఉండొచ్చు.

సుత్తితో నాలుగు చోట్ల తట్టి శబ్దం కూడా వినండి. గంటలా మోగితే రాయి గట్టిది. మొద్దుగా వినిపిస్తే లోపల పగులో, మెత్తబడిన పొరో ఉన్నట్టు. అది మంచి వార్తే, పని అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.

పరుపుబండ అని తేలినవాళ్లకి నా సలహా: అది కారు దారికో సెప్టిక్ ట్యాంకుకో అడ్డం కాకపోతే అక్కడే ఉండనివ్వండి. ఐఏఎస్ అధికారిగా పనిచేసి, హైదరాబాద్ చరిత్ర రాసిన నరేంద్ర లూథర్ బంజారాహిల్స్‌లో తన ఇంటిని బండను కలుపుకునే కట్టుకున్నారు. నగరంలోని శిలల్ని కాపాడటానికి 1996లో పుట్టిన సొసైటీ టు సేవ్ రాక్స్‌ని నడిపించినవాళ్లలో ఆయనా ఒకరు. మనకి అంత అభిరుచి లేకపోయినా, బండ చుట్టూ అడుగు వెడల్పున మట్టి పోసి నాగజెముడో, కలబందో, నందివర్ధనమో పెట్టుకుంటే పెరటికి అందమే.

బరువు లెక్క

కంటితో చూసి బరువు చెప్పడం రాతిపని చేసేవాళ్లకి తప్ప ఎవరికీ రాదు. మనం ఎప్పుడూ తక్కువే అనుకుంటాం. గ్రానైటు ఘనపుటడుగు 75 కిలోల దాకా తూగుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో కొలిచి మూడింటినీ గుణించి, 75తో హెచ్చవేయండి. రాయి గుండ్రంగా ఉంటే వచ్చినదానిలో సగం కన్నా కొంచెం ఎక్కువ పట్టండి.

ఆ లెక్కన రెండడుగుల గుండు మూడు క్వింటాళ్ల పైచిలుకు. మూడడుగులది టన్ను దాటుతుంది. నాలుగడుగులది రెండున్నర టన్నులు. అడుగు పెరిగితే బరువు రెట్టింపు కన్నా ఎక్కువవుతోందని గమనించండి. మనుషులు, గడ్డపారలు, మోకులతో అయ్యే పని టన్ను దగ్గర ఆగిపోతుంది. అది కూడా చదునైన చోట. అంతకు మించితే చీల్చాలి, లేదా యంత్రం రావాలి. భూమిలో ఉన్న భాగాన్ని కూడా ఈ కొలతలో కలపాలి. పైకి కనిపించేదాన్ని బట్టి కూలి మాట్లాడుకుంటే మధ్యలో తగాదా ఖాయం.

రాయిని ముట్టుకునే ముందు

తవ్వబోయే చోట కింద ఏముందో గుర్తుచేసుకోండి: బోరు కేసింగు, మోటారు వైరు, నల్లా పైపు, డ్రైనేజీ లైను, ఎర్తింగు గుంత. ఇల్లు కట్టిన ప్లంబరుకి ఫోన్ చేస్తే అయిదు నిమిషాల పని. రాయి ప్రహరీ గోడకి మూడడుగుల లోపు ఉంటే, గోడ పునాది దాని మీదే కూర్చుందేమో చూడండి. చాలా ప్లాట్లలో మేస్త్రీలు రాయి కనబడ్డ చోట పునాది తవ్వకుండా దాని మీద నుంచే గోడ లేపేస్తారు. అలాంటి రాయిని కదిలిస్తే గోడ కూడా కదులుతుంది.

రాళ్ల కింద తేళ్లు, జెర్రులు ఉండటం మామూలే, పాము కూడా ఉండొచ్చు. చేతులు కింద పెట్టకండి. కర్రతో చుట్టూ కదిలించి కాసేపు వదిలేయండి. మొదటిసారి రాయి లేపేటప్పుడు తెరుచుకునే పక్క మీ వైపు కాకుండా అవతలి వైపు ఉండాలి. లోపలున్నది ఏదైనా అటు నుంచే వెళ్లిపోతుంది. పాము కరిస్తే కట్లు కట్టడం, గాటు పెట్టడం వద్దు, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కాలికి గట్టి బూట్లు, చేతికి తోలు గ్లవ్స్, కళ్లకి అద్దాలు ఉండాలి. చెప్పులతో ఈ పని చేయకూడదు. కాలం సంగతి కూడా చూసుకోవాలి. వానలు తగ్గి నేల ఇంకా పదును మీద ఉన్న రోజులు తవ్వడానికి బాగుంటాయి. బురద ఉన్నప్పుడు మాత్రం వద్దు, గడ్డపార కింద పెట్టిన ఒత్తు జారుతుంది. మే నెల మధ్యాహ్నం గ్రానైటు మీద చెయ్యి పెట్టలేరు.

గడ్డపారతో కదిలించడం

టన్ను లోపు గుండుకి కావలసింది ఇద్దరు ముగ్గురు మనుషులు, ఆరడుగుల గడ్డపారలు రెండు, పార, తట్ట, చెక్క దిమ్మెలు కొన్ని, గుప్పెడంత నుంచి తలకాయంత దాకా ముక్కరాళ్లు ఒక కుప్ప. ఆఖరిది లేకుండా పని మొదలుపెట్టకండి. ఎందుకో చెబుతాను.

రాయి చుట్టూ మనిషి నిలబడి పనిచేసేంత వెడల్పున మట్టి తీయండి. తీసిన మట్టిని దూరంగా పోయాలి, లేకపోతే తిరిగి గుంతలోకే జారుతుంది. ఇక్కడ ఒక్క నియమం ప్రాణంతో సమానం: రాయి పల్లం వైపు నిలబడి దాని కింద తవ్వకూడదు. కింది మట్టి పోయిన గుండు చెప్పి దొర్లదు. ఈ పనిలో మనుషులు చచ్చిపోయేది ఇలాగే. పల్లం పక్కన తవ్వక తప్పకపోతే ముందు రాయికి దిమ్మెలు అడ్డం పెట్టి, పక్క నుంచి పార చాచి తవ్వండి.

చుట్టూ మట్టి పోయాక గడ్డపార మొనను రాయి అంచు కిందికి దూర్చండి. మొన నుంచి ఆరంగుళాల దూరంలో గడ్డపార కింద గట్టి రాయిని ఒత్తుగా పెట్టండి. ఆరడుగుల గడ్డపారలో అవతల ఐదున్నర అడుగులు మీ చేతిలో ఉంటుంది, అంటే బలం పదకొండు రెట్లు. మీరు నలభై కిలోల బరువు వేస్తే మొన దగ్గర 440 కిలోలు పనిచేస్తుంది. మీరు రాయిని మొత్తంగా ఎత్తడం లేదు, ఒక అంచు లేపుతున్నారు. దానికి కావలసింది సుమారు సగం బరువే. అందుకే ఒక్క మనిషి ఏడెనిమిది క్వింటాళ్ల గుండును కదిలించగలుగుతాడు. ఒత్తును మొనకి అడుగు దూరంలో పెడితే ఆ పదకొండు కాస్తా అయిదుకి పడిపోతుంది. కొత్తవాళ్లు బలం చాలడం లేదని మనుషుల్ని పిలుస్తారు. నిజానికి ఒత్తు జరిపితే సరిపోతుంది.

గడ్డపార మీదికి తల వంచకండి, దాన్ని కాళ్ల మధ్య పెట్టుకోకండి. పక్కన నిలబడి నొక్కండి. ఒత్తు జారితే గడ్డపార ఎగిరి దవడకి తగులుతుంది.

అంచు లేచిన మరుక్షణం రెండో మనిషి సందులోకి ముక్కరాయి తోయాలి. చేత్తో కాదు, కర్రతోనో పార కొసతోనో. ఇక గడ్డపార వదిలేసినా రాయి వెనక్కి కూర్చోదు. ఒత్తు పెంచి మళ్లీ లేపి, మళ్లీ ముక్క తోయాలి. అంగుళం అంగుళంగా సాగుతుంది. రెండు గడ్డపారలు వాడితే ఇద్దరి బరువూ ఒకే క్షణంలో పడాలి. కూలీలు ఐలేసా అని పాట కట్టేది అందుకే, సరదాకి కాదు. ఆదేశం ఒక్కరే ఇవ్వాలి, మిగతావాళ్లు నోరు మూసుకోవాలి. ఇంటి యజమాని కూడా.

గుంతలో ఉన్న గుండును పైకి తేవడానికి ఒక పాత ఉపాయం ఉంది. ఒక పక్క లేపి కింద రాళ్లూ మొరమూ కూరుతారు. తర్వాత ఎదురు పక్క లేపి అక్కడా కూరుతారు. ఇలా మార్చి మార్చి చేస్తుంటే రాయిని ఎత్తాల్సిన పనే ఉండదు, గుంత అడుగే పైకి వస్తుంది, దాంతోపాటు రాయి కూడా. ముక్కరాళ్ల కుప్ప కావాలన్నది ఇందుకే. పని అయ్యేసరికి రాయి నేలమట్టానికి చేరి, కింద గుంత పూడి కూడా ఉంటుంది. గుంత లోతు తక్కువైతే ఒక పక్క వాలుగా తవ్వి దొర్లించడం తేలిక.

పైకి వచ్చాక దొర్లే రాయి అయితే గడ్డపారతో నెట్టుకుంటూ వెళ్లండి. ప్రతి దొర్లింపు తర్వాత ఎదురుగా దిమ్మె అడ్డం వేయాలి. బల్లపరుపు అడుగు ఉన్న రాయి అయితే నేల మీద పలకలు పరిచి, వాటి మీద రెండంగుళాల ఇనుప పైపులు అడ్డంగా పెట్టి రాయిని ఎక్కించండి. వెనక నుంచి బయటపడిన పైపును తెచ్చి ముందు పెట్టుకుంటూ పోవాలి. పలకలు లేకుండా పైపులు నేరుగా మట్టి మీద పెడితే దిగబడిపోతాయి.

కారుకి తాడు కట్టి లాగుదామన్న ఆలోచన ప్రతి ఇంట్లోనూ ఎవరికో ఒకరికి వస్తుంది. కారుకుండే కొక్కెం ఆగిపోయిన బండిని రోడ్డు మీద నడిపించడానికే, భూమిలో పాతుకున్న రాయిని పీకడానికి కాదు. నైలాన్ తాడు తెగితే సాగిన రబ్బరులా వెనక్కి కొడుతుంది. లాగక తప్పకపోతే చైన్ పుల్లీ తెచ్చుకోండి, గట్టి ఆధారానికి కట్టండి, పట్టు బిగిశాక గొలుసు వరసలో ఎవరినీ నిలబడనివ్వకండి. వేప చెట్టు ఆధారంగా పనికొస్తుంది, కానీ కాండానికి గోనె చుట్టాలి. ప్రహరీ పిల్లర్‌కి ఎప్పుడూ కట్టొద్దు.

చీల్చడం

టన్ను దాటిన గుండుని అలాగే కదిలించాలని పంతం పట్టడం కన్నా చీల్చుకోవడం తెలివి. సమ్మెటతో పైన బాదితే గ్రానైటు పగలదు. అదిమితే చదరపు సెంటీమీటరుకి టన్ను బరువును కూడా ఓర్చుకుంటుంది. అదే రెండు పక్కలకి లాగితే అందులో పదో వంతుకో, ఇంకా తక్కువకో చీలిపోతుంది. కాబట్టి బయటి నుంచి కొట్టడం కాదు, లోపలి నుంచి విప్పాలి. హంపిలో సగం పనిలో వదిలేసిన గుండ్ల మీద వరసగా తొలిచిన గుంటలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ వరసలో ఇనుప చీలలు దిగగొట్టి రాయిని విప్పేవాళ్లు. మనం చేసేదీ అదే, ఉలి బదులు డ్రిల్ ఉంది, అంతే.

గోడకి మేకులు కొట్టుకునే చిన్న డ్రిల్ దీనికి చాలదు. పెద్ద హ్యామర్ డ్రిల్ అద్దెకి దొరుకుతుంది. రాయి మీద ఎక్కడ చీలాలో అక్కడ బొగ్గుతో గీత గీయండి, వీలైతే సగానికి. ముప్పాతిక, పాతికగా చీల్చబోతే పగులు సన్నపు వైపుకి తప్పుకుంటుంది. గీత వెంట నాలుగు నుంచి ఆరంగుళాలకి ఒకటి చొప్పున, చీల మందానికి తగ్గట్టు పదహారు నుంచి ఇరవై మిల్లీమీటర్ల రంధ్రాలు, చీల కన్నా కాస్త లోతుగా వేయండి. నీళ్లు చల్లుతూ, ఎన్95 మాస్కు పెట్టుకునే వేయాలి. డ్రిల్ నీళ్లలో తడవకూడదు, ప్లగ్గు పాయింటుకి ఈఎల్‌సీబీ ఉండాలి. గ్రానైటులో నాలుగో వంతుకి అటూ ఇటూగా క్వార్ట్జ్ ఉంటుంది. ఆ ధూళే క్వారీ కార్మికుల ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. దానికి నయం చేసే మందు లేదు. ఒక్క రోజు పనికి ఆ జబ్బు రాకపోవచ్చు గానీ, మీరు పెట్టుకున్న కూలీకి అది ఒక్క రోజు పని కాదు. అతనికీ మాస్కు కొనివ్వండి.

రంధ్రాల్లో పొడి ఊదేశాక ఒక్కోదానిలో రెండు ఇనుప రేకులు, వాటి మధ్య చీల పెట్టాలి. రేకులు గీతకి అటొకటి ఇటొకటి ఉండాలి. తిప్పి పెడితే రాయి అడ్డదిడ్డంగా చీలుతుంది. రెండు కిలోల సుత్తి తీసుకుని ఈ కొస నుంచి ఆ కొసకి ఒక్కో చీలకి ఒక్కో దెబ్బ చొప్పున వేసుకుంటూ పోండి. మళ్లీ మొదటికి రండి. ఒకే చీలను వరసగా బాదకండి. చీలలు బిగుసుకునేకొద్దీ చప్పుడు సన్నబడుతుంది. గట్టిగా మోగడం మొదలయ్యాక సుత్తి కింద పెట్టి పది నిమిషాలు ఆగండి. ఈ ఆగడం కొత్తవాళ్లకి చేతకాదు. రాయికి టైమివ్వాలి. చాలాసార్లు మీరు మంచినీళ్లు తాగి వచ్చేసరికి గీత వెంట వెంట్రుకంత పగులు కనిపిస్తుంది. తర్వాత రెండు రౌండ్లలో విడిపోతుంది. విడిపోయే ముక్క ఎటు పడుతుందో ముందే చూసుకుని అటు దిమ్మెలు వేసి ఉంచండి.

ప్రతి రాయికీ సులువుగా చీలే ఒక వాటం ఉంటుంది. తరతరాలుగా రాతిపనిలో ఉన్న వడ్డెర పనివాళ్లు రాయి చుట్టూ ఒకసారి తిరిగి, రెండుచోట్ల తట్టి అది చెప్పేస్తారు. గుండు నాలుగడుగులు దాటితే మీరు డ్రిల్ పట్టుకోవడం కన్నా వాళ్లని పిలవడం మేలు. రోజు కూలికి కాదు, రాయికి ఇంత అని గుత్తకి మాట్లాడుకోండి. ముక్కల సైజు కూడా అప్పుడే చెప్పాలి, ఇద్దరు మోయగలిగేంతా, ట్రాలీకి ఎక్కేంతా అన్నది.

పొడి పోసి పగలగొట్టడం

చప్పుడు లేకుండా పనవ్వాలంటే రాయి పగలగొట్టే పొడి ఉంది. దాన్ని క్రాకింగ్ పౌడర్ అంటారు. దీనిలో ముఖ్యమైన సరుకు కాల్చిన సున్నం. నీళ్లు తగిలితే ఉబ్బుతుంది. రంధ్రంలో ఉబ్బడానికి చోటు లేక రాయిని చీలుస్తుంది. ముప్పై రెండు నుంచి నలభై మిల్లీమీటర్ల రంధ్రాలు అడుగుకొకటి చొప్పున, రాయి ఎత్తులో ముప్పాతిక నుంచి ఎనభై శాతం లోతుకి వేయాలి. అయిదు కిలోల పొడికి సుమారు లీటరున్నర నీళ్లు పట్టి, గట్టి మజ్జిగలా అయ్యాక అయిదు నిమిషాల్లో పోసేయాలి. పాకెట్ మీద వేరే కొలత రాసి ఉంటే దాన్నే పాటించండి. పగుళ్లు కొన్ని గంటల్లో మొదలై, ఒక రోజులో విచ్చుకుంటాయి.

దీనితో ప్రమాదం లేదనుకోకండి. వేడెక్కిన రాయిలో పోస్తే పొడి ఒక్కసారిగా పైకి చిమ్ముతుంది, కంట్లో పడితే కన్ను పోతుంది. పోశాక రంధ్రాల మీదికి వంగి చూడకూడదు. గోనెలు కప్పి, ఆ రాత్రంతా పిల్లల్ని, కుక్కని అటు పోనివ్వకండి. ఎండాకాలమైతే ఎండాకాలపు రకం పొడే కొని, సాయంత్రం రాయి చల్లారాక పోయాలి. నీళ్లు కలిపాక మిగిలిన పొడిని సీసాలో పోసి మూత పెట్టొద్దు. పరుపుబండకి ఈ పద్ధతి బాగా పనికొస్తుంది, కానీ రాయి జరగడానికి ఒక పక్క ఖాళీ ఉండాలి. నాలుగు పక్కలా నేలలో ఇరుక్కున్న బండ నడుమ పోస్తే డబ్బు దండగ.

మంట, మందుగుండు వద్దు

బండ మీద కట్టెలు పేర్చి మంట పెట్టి పొర లేపడం పాత పద్ధతి. పని అవుతుంది కూడా. వేడికి పెచ్చులు తుపాకి గుండ్లలా ఎగురుతాయి. కట్టెల బదులు పాత టైర్లు కాల్చేవాళ్లూ ఉన్నారు. ఇళ్ల మధ్య ఈ రెండూ తగవు.

జిలెటిన్ కడ్డీల గురించి చెప్పాల్సింది ఒక్కటే. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 2008 నిబంధనల ప్రకారం లైసెన్సు లేకుండా వాటిని కొనడం, ఉంచుకోవడం, పేల్చడం నేరం. ఎవడో రాత్రికి వచ్చి రెండు కడ్డీలు పెట్టి వెళ్తానంటే గేటు తీయకండి. పక్కింటి స్లాబు పగిలినా, మనిషికి రాయి తగిలినా కేసు మీ మీదకి కూడా వస్తుంది.

యంత్రం వచ్చే వీలుంటే

జేసీబీ లోపలికి రావాలంటే గేటు తొమ్మిది పదడుగులు ఉండాలి, పైన కరెంటు వైర్లు అడ్డం ఉండకూడదు. ఏడెనిమిది టన్నుల బండి అది. సెప్టిక్ ట్యాంకు, సంపు మూతల మీదుగా దారి ఇవ్వకండి. జేసీబీ గుండును తవ్వి దొర్లిస్తుంది, పగలగొట్టదు. పగలగొట్టాలంటే బ్రేకర్ బిగించిన హిటాచీ కావాలి. గంటల లెక్క బండి బయల్దేరినప్పటి నుంచా, మీ గేటు దగ్గర నుంచా అన్నది ముందే అడగండి. చుట్టూ మట్టి మీరే తీయించి పెట్టుకుంటే యంత్రం పని బాగా తగ్గుతుంది. నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఇలాంటి చప్పుడు యంత్రాలు నడపకూడదని శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. బ్రేకర్ పెట్టే రోజు పక్కింటివాళ్లకి ముందే ఒక మాట చెప్పండి. వాళ్ల గోడల్లో పాత పగుళ్లుంటే ఇద్దరూ కలిసి ఫోటోలు తీసి పెట్టుకోండి.

తీసిన రాయిని ఏం చేయాలి

అన్నిటికన్నా చవకైన దారి అక్కడే పాతేయడం. రాయి పక్కన దాని ఎత్తు కన్నా రెండడుగులు ఎక్కువ లోతు గుంత తవ్వి అందులోకి దొర్లించండి. గుంత తవ్వుతున్నంతసేపు రాయికీ గుంతకీ మధ్య కనీసం రాయి ఎత్తంత మట్టి మిగిలి ఉండాలి. ఆఖరున అందరూ పైకి వచ్చాకే ఆ మట్టిని అవతలి నుంచి తెగ్గొట్టాలి. రేపు సంపో, ఇంకో గదో కట్టుకోవాలనుకునే చోట మాత్రం పాతకండి.

చీల్చిన ముక్కలకి గిరాకీ ఉంది. ప్రహరీ పునాదికి, మెట్లకి, మట్టి కోతని ఆపే చిన్న గోడకి అంతకన్నా మంచి రాయి దొరకదు. పిడికిలంత ముక్కలు ఇంకుడు గుంత అడుగున వేసుకోవచ్చు. పలకగా చీలిన ముక్క ఒకటి చెట్టు కింద కూర్చోవడానికి ఉంచుకోండి. లారీకెత్తి అమ్మాలనుకుంటే మాత్రం గనుల శాఖ అనుమతి, సీనరేజి రుసుము సంగతి ముందు కనుక్కోండి. మీ ప్లాటులో దొరికినా చట్టం దృష్టిలో అది చిన్నతరహా ఖనిజం. ఊరికే ఇస్తానంటే దగ్గర్లో ఇల్లు కడుతున్నవాళ్లే ట్రాక్టరు తెచ్చుకుని తీసుకెళ్తారు. చెరువులోనో నాలాలోనో పడేసే ట్రాక్టరువాడికి ఇవ్వకండి.

మిగిలింది గుంత. దాన్ని నల్లరేగడితో పూడ్చొద్దు. వానకి ఉబ్బి, ఎండకి నెర్రెలిస్తుంది. మొరం ఆరంగుళాల మందాన పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, ఆ మీద ఇంకో పొర వేస్తూ రండి. మొక్క పెట్టే చోటైతే పై రెండడుగులూ ఎర్రమట్టి, పశువుల ఎరువు వేయండి. గది కట్టబోతుంటే ఇంజనీరుకి గుంత చోటు చూపించి తీరాలి. పునాది సగం బండ మీద, సగం పూడ్చిన మట్టి మీద కూర్చుంటే గోడ ఆ కలిసిన చోటే పగులుతుంది. టైల్సో సిమెంటు గచ్చో వేయాలనుకునేవాళ్లు ఒక వానాకాలం ఆగండి. దిగిన చోట మళ్లీ మొరం పోసి గట్టిపరిచాకే మేస్త్రీని పిలవండి.